బొటాఫోగో వెంట: 2024 బ్రెజిల్ లీగ్ ఆఖరి మలుపు

నవంబరు 26, మంగళవారం: సావో పాలో, పగలు

పకాయెంబు స్టేడియం చుట్టూ ఇంకా రేకుల కంచె ఉంది. లోపల పునర్నిర్మాణం పనులు సాగుతున్నాయి. ముఖద్వారం కింద ఉన్న ఫుట్‌బాల్ మ్యూజియాన్ని మాత్రం జూలైలో మళ్లీ తెరిచారు. మంగళవారం ప్రవేశం ఉచితం. నేను అక్కడికి వెళ్లడానికి అసలు కారణం వేరే ఉంది. బొటాఫోగో జట్టు ఆఖరిసారి దేశ ఛాంపియన్ అయింది ఈ మైదానంలోనే. 1995 డిసెంబరు 17న శాంటోస్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్ అది. టూలియో కొట్టిన గోలు ఆఫ్‌సైడ్ అనీ, తమ గోలును అన్యాయంగా రద్దు చేశారనీ శాంటోస్ అభిమానులు ఈనాటికీ వాదిస్తారు. ఆ తర్వాత 29 ఏళ్లపాటు రియో నగరపు ఈ నలుపు తెలుపు చారల జట్టుకు లీగ్ దక్కలేదు.

స్టేడియం ముందున్న విశాలమైన చౌకుకు చార్లెస్ మిల్లర్ పేరు పెట్టారు. 1894లో ఇంగ్లండులో చదువు ముగించుకుని, సామానులో ఫుట్‌బాల్ బంతులు పెట్టుకుని ఈ ఊరికి తిరిగొచ్చినవాడాయన. ఆ దగ్గరలో మంగళవారం సంత జరుగుతుంది. మామిడి, బొప్పాయి, జామ, పనస కుప్పలు చూస్తే విజయవాడ రైతుబజారులో ఉన్నానేమో అనిపించింది. ఒక చివర పాస్తెల్ బండి ఉంది. పలుచటి పిండి రేకు మడిచి, లోపల జున్నో కొట్టిన మాంసమో కూరి, కాగే నూనెలో వేస్తారు. అది పొంగి దిండులా లేస్తుంది. పక్కనే చెరకు రసం మిషను. నిమ్మకాయ పిండారు గానీ అల్లం వేయలేదు. రెండూ కలిపి 24 రియాళ్లు, అంటే మన డబ్బులో సుమారు 340 రూపాయలు. వీధి తిండికి ఎక్కువే, కానీ ఆ ఒక్క పాస్తెల్‌తో మధ్యాహ్నం భోజనం అయిపోయింది.

బండి నడిపే ఆమె పాల్మీరాస్ అభిమాని. ఈ ఊరి జట్టు అది. రాత్రి బొటాఫోగోతో దాని మ్యాచ్‌కు వెళ్తున్నానని చెప్పగానే, ఏ వైపు కూర్చుంటున్నావని అడిగింది. టికెట్టు దొరికింది పాల్మీరాస్ వైపేనని చెప్పాను. అయితే నలుపు తెలుపు బట్టలు వేసుకోవద్దని, నా చొక్కా చారలు చూపించి మరీ హెచ్చరించింది. నావి నీలం చారలే. అయినా గదికి వెళ్లి మార్చుకున్నాను. ఈ దేశంలో మ్యాచ్ రోజు చొక్కా రంగును తేలిగ్గా తీసుకోరు.

పట్టిక ఎలా ఉందో ఇక్కడ చెప్పాలి. బ్రెజిల్ లీగ్‌లో 20 జట్లు. ప్రతి జట్టూ తక్కిన 19తో సొంత ఊళ్లో ఒకసారి, అవతలి ఊళ్లో ఒకసారి ఆడాలి. మొత్తం 38 రౌండ్లు. 2003 నుంచే ఇలా పాయింట్ల లెక్కతో విజేతను తేలుస్తున్నారు. అంతకుముందు చివర్లో నాకౌట్లు ఉండేవి. 35 రౌండ్లు ముగిసేసరికి పాల్మీరాస్‌కు 70, బొటాఫోగోకు 70. పాయింట్లు సమమైతే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టు పైన ఉంటుంది. ఆ లెక్కన పాల్మీరాస్ ముందుంది. మూడు రోజుల కిందటే బొటాఫోగో సొంత మైదానంలో విటోరియాతో 1-1గా సరిపెట్టుకుని అగ్రస్థానం పోగొట్టుకుంది.

2023 తెలియనిదే ఈ మ్యాచ్ బరువు తెలియదు. ఆ ఏడాది సగం లీగ్ అయ్యేసరికి బొటాఫోగో 57కు 47 పాయింట్లు తెచ్చుకుంది. రెండో జట్టుకు 13 పాయింట్ల ఎడం పెట్టింది. నవంబరు 1న ఇదే పాల్మీరాస్‌తో రియోలో ఆడుతూ విరామానికి 3-0తో ముందుంది. 3-1 దగ్గర పెనాల్టీ తప్పిపోయింది. చివరికి 3-4తో ఓడింది. పాల్మీరాస్‌కు ఎండ్రిక్ అనే పదిహేడేళ్ల కుర్రాడు రెండు గోల్స్ కొట్టాడు. ఎనిమిది రోజుల తర్వాత గ్రేమియో చేతిలో మళ్లీ అదే 3-4. గ్రేమియో తరఫున సువారెజ్ ఒక్కడే మూడు. చివరి 11 మ్యాచ్‌లలో ఒక్క గెలుపూ లేక ఐదో స్థానంలో ముగించింది. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలయింది. అక్కడి రాత్రి మ్యాచ్‌లు మనకు తెల్లవారుజామున వస్తాయి. ఆ ఏడాది అవన్నీ విజయవాడలో ఫోనులో చూశాను. ఆ అభిమానులు మళ్లీ స్టేడియానికి ఎలా వస్తారా అని నిజంగా అనిపించింది. ఈ ప్రయాణం పెట్టుకున్నది వాళ్లను చూడటానికే.

అదే రోజు, రాత్రి: పాల్మీరాస్ గడప

పాల్మీరాస్ ఇటాలియన్ వలసజీవులు 1914లో పెట్టుకున్న క్లబ్బు. మొదటి పేరు పలెస్త్రా ఇటాలియా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రెజిల్ ఇటలీకి ఎదురునిలవడంతో 1942లో పేరు మార్చుకోక తప్పలేదు. వీధి మాత్రం ఇప్పుడు ఆ పాత పేరుతోనే ఉంది. మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు నుంచే ఆ వీధి పచ్చగా నిండిపోయింది. బొగ్గుల మీద మాంసం పొగ, డప్పులు, తాతల భుజాల మీద మనవలు. అమ్మేవాళ్లందరి దగ్గరా పంది తొడ మాంసం, ఉల్లిపాయ, క్యాప్సికం వేయించి రొట్టెలో పెట్టిన సాండ్విచ్ ఉంది. ఈ ఊరి స్టేడియాల దగ్గర తరతరాల తిండి అది. ప్రత్యర్థులు వెక్కిరింతగా పందులు అనేవారట. 1986లో పాల్మీరాస్ అభిమానులు ఆ పిలుపునే తమ నినాదంగా మార్చుకున్నారు. అప్పటి నుంచి పంది వాళ్ల గుర్తు.

సావో పాలో రాష్ట్రంలో స్టేడియం లోపల మద్యం అమ్మరు. అందుకని తాగేదంతా వీధిలోనే తాగి వెళ్తారు. గేటు దగ్గర టికెట్టు కాగితం లేదు, మనిషి ముఖమే టికెట్టు. పాస్‌పోర్టుతో ముందే ఫోటో నమోదు చేసుకుంటే కెమెరా చూసి గేటు తెరుచుకుంటుంది. నా ముందున్న పెద్దాయనకు కళ్లజోడు తీస్తే గానీ తెరుచుకోలేదు. వెనక ఉన్న వరుస అంతా చప్పట్లు కొట్టింది.

సీటు నంబరు ఎవరూ పట్టించుకోరు. కూర్చునేవాళ్లూ ఉండరు. ఒక మూల అద్దాల అడ్డుగోడ వెనక బొటాఫోగో అభిమానులు, ఇటు మేమంతా. మొదట్లోనే బొటాఫోగో ఆటగాడు గ్రెగోరె గోలు కొట్టాడు. నా చుట్టూ నిశ్శబ్దం పరుచుకోలేదు. పాట ఇంకా పెద్దదైంది. గోలు పడ్డాక గొంతు పెంచడం ఇక్కడి మర్యాద. రెండో సగంలో సావరినో రెండోది, ఆ తర్వాత ఆడ్రియెల్సన్ మూడోది. అప్పుడు మాత్రం పక్కనున్న కుర్రాడు నేల మీద కూర్చుండిపోయాడు. చివర్లో పాల్మీరాస్‌కు రిచర్డ్ రియోస్ ఒకటి కొట్టి 3-1 చేశాడు. ఒకే రాత్రిలో అగ్రస్థానం మళ్లీ చేతులు మారింది.

తిరిగి నడుస్తుంటే అభిమానులు ఎవరినీ తిట్టలేదు. గత రెండేళ్లూ లీగ్ తమదే కదా అన్న ఊరట కావచ్చు. ఒకాయన నన్ను ఆపి ఏ దేశమని అడిగి, భుజం తట్టి, మా వాళ్లు ఇలా ఆడటం అరుదు, ఇంకోసారి రావాలి అన్నాడు. ఓడిన రాత్రి పరాయివాడికి అంత మర్యాద చేసే ఊరిని మరచిపోవడం కష్టం.

నవంబరు 28: శాంటోస్

కొండ దిగితే సముద్రం. ఘాట్ రోడ్డు పొడవునా పొగమంచు, కింద ఓడరేవు క్రేన్లు. లీగ్ పోరుకు ఈ ఊరితో సంబంధం లేదు. పెలే ఊరికి రాకుండా బ్రెజిల్ చూశానని చెప్పుకోలేను, అంతే.

పెలే సమాధి బయలులో లేదు. అనేక అంతస్తుల శ్మశాన భవనంలో, లోపలి గదిలో ఉంది. నేల మీద పచ్చిక చాప, గోడల మీద అభిమానుల బొమ్మలు, మధ్యలో బంగారు రంగు పేటిక. వచ్చినవాళ్లు మాట్లాడకుండా చుట్టూ ఒకసారి తిరిగి వెళ్తున్నారు. కాపలాదారు దేశం పేరు అడిగితే చెప్పి, పెలే 1977లో కోల్‌కతా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడాడనీ, మ్యాచ్ 2-2 అయిందనీ చెప్పాను. ఆయనకు తెలియదట. మళ్లీ చెప్పించుకుని తోటి ఉద్యోగిని పిలిచి వినిపించాడు.

విలా బెల్మీరో స్టేడియం ఇళ్ల మధ్య ఇరుక్కున్న చిన్న మైదానం. ఎదురింటి అరుగు మీంచి లోపలి దీపస్తంభాలు కనిపిస్తాయి. 2023 డిసెంబరు 6 రాత్రి ఫోర్టలెజా చేతిలో 1-2తో ఓడి శాంటోస్ రెండో డివిజన్‌కు పడిపోయింది. 1912లో పుట్టిన క్లబ్బు చరిత్రలో అది మొదటిసారి. పెలే పోయి ఏడాది కూడా నిండలేదు. ఆ రాత్రి ఈ వీధుల్లో వాహనాలు తగలబెట్టారు. మూలమీద కాఫీ అమ్మే ఆమె షట్టరు మీద నల్లటి మచ్చ చూపించి, పెయింటు వేయించలేదని చెప్పింది. ఈ ఏడాది శాంటోస్ రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చేసింది. అయినా ఆమె ముఖంలో పండగ లేదు. మేం ఉండాల్సిన చోటికే వచ్చాం కదా అంది.

పాత కాఫీ ఎక్స్ఛేంజి భవనం ఇప్పుడు మ్యూజియం. 1922లో కట్టిన ఆ హాల్లో దళారులు కూర్చున్న కుర్చీలు గుండ్రంగా అలాగే ఉన్నాయి. ప్రపంచపు కాఫీ ధరను ఈ కుర్చీలు శాసించిన రోజులున్నాయి. కింద అంగడిలో చిన్న కప్పు కాఫీ 9 రియాళ్లు. పాలు లేవు, చక్కెర అడగాలి. ఇత్తడి ఫిల్టరు కాఫీ అలవాటున్న నాలుకకు మొదటి గుక్క కటువుగా తగిలింది. రెండో కప్పు అడిగి తాగాను.

నవంబరు 30, శనివారం: రియో, బొటాఫోగో పేట

బొటాఫోగో అంటే మొదట ఒక పేట, సముద్రపు కయ్య ఒడ్డున. క్లబ్బు పాత కార్యాలయం అక్కడే, జెనెరల్ సెవెరియానో వీధిలో ఉంది. ఈ రోజు లీగ్ మ్యాచ్ కాదు. బ్యూనస్ ఎయిర్స్‌లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు లిబెర్తదోరెస్ ఫైనల్. ప్రత్యర్థి మరో బ్రెజిల్ జట్టు అట్లెటికో మినేరో. బొటాఫోగో ఇదివరకు ఎన్నడూ ఫైనల్ దాకా రాలేదు.

ముందు డబ్బు సంగతి. శుక్రవారం డాలరు 6 రియాళ్లు దాటింది. రియాలు అంత దిగజారడం ఇదే మొదటిసారి. టీవీలో ఫుట్‌బాల్‌తో సమానంగా దాని గురించే చర్చ. డాలర్లు మార్చుకునే నాలాంటివాళ్లకు నాలుగు రాళ్లు మిగిలాయి గానీ, బొగ్గు, మాంసం, గోధుమపిండి ధరల గురించి హోటలు యజమాని చెప్తుంటే సంతోషించడానికి మనసొప్పలేదు.

శనివారం మధ్యాహ్నం రియోలో ఫెజోయాడ తినాలి. నల్ల చిక్కుడు గింజలతో పంది మాంసం ముక్కలు గంటల తరబడి ఉడికిస్తారు. పక్కన అన్నం, సన్నగా తరిగి వేయించిన ఆకుకూర, నారింజ తొనలు, కర్రపెండలం పిండి వేపుడు. మాంసం కంటే ఆ గింజల పులుసే రుచి. అన్నంలో కలుపుకుంటే చిక్కటి పప్పుచారులా గొంతు దిగింది. కిలో లెక్కన అమ్మే చోట పళ్లెం తూకం వేసి 52 రియాళ్లు అన్నారు.

బార్లో కుర్చీల మీద చిన్న గొడవ. ఒక ముసలాయన సెమీఫైనల్ రోజు కూర్చున్న కుర్చీ కావాలన్నాడు. అందులో కూర్చున్న దంపతులు వెంటనే లేచారు. ఒకామె ఉతకని పాత చొక్కాతో వచ్చింది, తడి ఆరని జుట్టుతో. ఇక్కడ ఎవరూ దీన్ని నవ్వులాటగా తీసుకోరు. 1948లో కార్లిటో రోషా అనే క్లబ్బు అధ్యక్షుడు బిరిబా అనే వీధికుక్కను జట్టు వెంట తిప్పాడు. ప్రత్యర్థుల కాళ్లు కట్టేసినట్టవుతుందని కార్యాలయంలో తెరలు ముడివేయించాడు. ఆ ఏడు రియో టైటిల్ గెలిచారు. కుక్క బొమ్మ ఈ రోజుకీ జెండాల మీద కనిపిస్తుంది.

మొదటి నిమిషం పూర్తికాక ముందే గ్రెగోరె కాలు ప్రత్యర్థి తలకు తగిలింది. రెడ్ కార్డు. నాలుగు రోజుల కిందట సావో పాలోలో తలుపు తెరిచినవాడే ఇప్పుడు జట్టును పదిమందితో వదిలి మైదానం వీడాడు. బార్లో ఒక్కరూ అరవలేదు. కొన్ని విషయాలు బొటాఫోగోకే జరుగుతాయి అనే మాట రియోలో అందరి నోటా ఉంటుంది. ఆ క్షణంలో ఆ మాట ఎవరూ అనలేదు, కానీ అందరి ముఖాల్లోనూ కనిపించింది.

పదిమందితోనే ఆడారు. 35వ నిమిషంలో లూయిజ్ హెన్రిక్. విరామానికి ముందు పెనాల్టీతో అలెక్స్ టెల్లెస్. రెండో సగం మొదలవగానే వార్గాస్ అవతలివైపు ఒకటి తిరిగి ఇచ్చాడు. ఇక నలభై నిమిషాలకు పైగా ఊపిరి బిగబట్టడమే. పెద్ద సీసాలోంచి చిన్న గ్లాసుల్లోకి బీరు పోసుకుని బల్లల మధ్య పంచుకోవడం ఇక్కడి పద్ధతి. ఆ నలభై నిమిషాలూ ఒక్క సీసా కదలలేదు. అదనపు సమయం కూడా అయిపోతుండగా జూనియర్ శాంటోస్ మూడో గోలు కొట్టాడు. ముసలాయన తన కుర్చీని ముద్దుపెట్టుకున్నాడు. నన్ను ముక్కూముఖం తెలియనివాళ్లు ఎత్తుకున్నారు. తెల్లవార్లూ కయ్య ఒడ్డున కార్ల హారన్లు మోగుతూనే ఉన్నాయి.

నిద్రపోయే ముందు అదే బార్లో ఒక యువతి నాతో అన్నది: కప్పు బాగుంది, కానీ లీగ్ పోతే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

డిసెంబరు 3, 4: పోర్టో అలెగ్రే

దక్షిణాన, ఉరుగ్వే వైపు ఉన్న రాష్ట్రంలోని ఊరు ఇది. మేలో ఇక్కడ మహా వరద వచ్చింది. ఊరి పక్కన గ్వాయిబా నీరు 5 మీటర్లు దాటింది. 1941 నాటి 4.76 మీటర్ల రికార్డు చెరిగిపోయింది. రాష్ట్రంలో 180 మందికి పైగా చనిపోయారు. విమానాశ్రయం అక్టోబరు 21 దాకా తెరవలేదు. ఈ ఊరి జట్లలో ఇంటర్నాసియోనాల్‌కు చెందిన బెయిరా రియో మైదానం, గ్రేమియో మైదానం రెండూ నీట మునిగాయి. దేశమంతటా లీగ్‌ను రెండు రౌండ్లు ఆపేశారు.

పాత మార్కెట్టు భవనంలో వ్యాపారం మళ్లీ కళకళలాడుతోంది. మూలికలు, ఎండు చేపలు, తేయాకును పోలిన ఎర్వ పొడి బస్తాలు. కానీ దగ్గరి వీధుల్లో కొన్ని గోడల మీద నీటి గీత ఇంకా ఉంది. నా ఛాతీ ఎత్తున, మట్టి రంగులో. ఈ సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా పిన్ని గారి ఇంటి గోడ మీద కూడా అలాంటి గీతే పడింది. దుకాణదారుకు ఫోనులో ఆ ఫోటో చూపించాను. ఆయన ఏమీ అడగలేదు. తన ఫోను తీసి తన దుకాణం ఫోటో చూపించాడు. తర్వాత స్టూలు జరిపి, సొరకాయ బుర్రలో ఎర్వ పొడి మీద వేడినీళ్లు పోసి షిమర్రాం అనే పానీయం అందించాడు.

దాని మర్యాదలు అక్కడే నేర్చుకున్నాను. పీల్చుకునే లోహపు గొట్టాన్ని కదపకూడదు. గుడగుడమనే దాకా మొత్తం తాగాలి. తిరిగి ఇచ్చేటప్పుడు ధన్యవాదాలు చెప్పకూడదు. చెప్తే ఇక చాలని అర్థం. చేదు నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. మూడో విడత తర్వాత ధన్యవాదాలు చెప్పాను. డబ్బు తీసుకోలేదు.

మే తర్వాత ఇంటర్నాసియోనాల్ సొంత మ్యాచ్‌లను కాషియస్‌లోనూ, పక్క రాష్ట్రంలోని క్రిసియూమాలోనూ ఆడింది. జూలైలో గానీ సొంత గడ్డకు రాలేదు. ఆ తర్వాత రోజెర్ మషాదో శిక్షణలో నెలల తరబడి ఓటమి లేకుండా పైకి ఎగబాకింది. ఈ సీజన్‌లో ఛాంపియన్ తర్వాత నేను ఎక్కువ గౌరవించేది ఈ జట్టునే. ట్రోఫీ రాలేదు కాబట్టి చరిత్రలో ఒక వాక్యంగా మిగిలిపోతుందేమోనన్నది నా బెంగ.

బుధవారం రాత్రి ఇంటర్నాసియోనాల్, బొటాఫోగో మ్యాచ్. ఎర్ర చొక్కాల సముద్రంలో ఒక మూల నలుపు తెలుపు తుంపర. సావరినో ఒకే ఒక్క గోలు. 0-1. అదే రాత్రి పాల్మీరాస్ కూడా గెలిచింది. బొటాఫోగో 76, పాల్మీరాస్ 73. ఆఖరి రోజు బొటాఫోగోకు ఒక్క పాయింటు చాలు. ఓడి, పాల్మీరాస్ గెలిస్తే మాత్రం గెలుపుల లెక్కతో అంతా పోతుంది. మూలన ఉన్న అభిమానులు ఎగరలేదు. వేళ్ల మీద లెక్క వేసుకుంటూ నిలబడ్డారు.

డిసెంబరు 6: పౌ గ్రాండే

గారించా పుట్టిన ఊరు ఇది. రియోకు ఉత్తరాన, కొండల పాదం దగ్గర, మజే పరిధిలోని బట్టల మిల్లు ఊరు. వంకర కాళ్లతో పుట్టి, ఈ మిల్లులో పనిచేసి, బొటాఫోగోకు ఆడి, 1958లోనూ 1962లోనూ బ్రెజిల్‌కు ప్రపంచకప్ గెలిపించిన మనిషి. 49 ఏళ్లకే, 1983 జనవరిలో, తాగుడుతో చితికిపోయి చనిపోయాడు.

పియాబెటాలో బస్సు మారాలన్నారు. గారించా అని అడిగితే ఒకరు ఎడమకు, ఒకరు కుడికి చూపించారు. ఎడమకు వెళ్తే శ్మశానం వచ్చింది, ఎండలో చాలా దూరం నడిచాక. కుడికి వెళ్లాల్సింది మైదానానికి. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. ఈ ఊళ్లో ఆయన రెండు చోట్లా ఉన్నాడు.

నిజానికి శ్మశానంలో ఉన్నాడో లేడో కూడా తెలియదు. అవశేషాలు ఎక్కడున్నాయో కచ్చితంగా చెప్పలేమని 2017లో అధికారులే ఒప్పుకున్నారు. పెలేకు బంగారు పేటిక, గారించాకు ఆనవాలు లేని మట్టి. ఇద్దరూ కలిసి ఆడిన మ్యాచ్‌లలో బ్రెజిల్ ఒక్కసారి కూడా ఓడలేదు. అలాంటి మనిషి ఎముకలను దేశం పోగొట్టుకోవడం నాకు కోపం తెప్పించింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మైదానం పక్క చిన్న కొట్టులో మొక్కజొన్న కేకు, గ్వరానా సోడా, మొత్తం 11 రియాళ్లు. కొట్టు పెద్దావిడ నా చేతిలో బొటాఫోగో టోపీ చూసి ఆదివారం మ్యాచ్‌కా అని అడిగింది. ఆమె మనవడు వెళ్తున్నాడట. వాడికి డబ్బిచ్చి పంపుతున్నాను గానీ టీవీ మాత్రం పెట్టను, నేను చూస్తే ఓడిపోతారు అంది.

డిసెంబరు 8, ఆదివారం: ఎంజెన్యో ది దెంత్రో

రియో సెంట్రల్ స్టేషన్ నుంచి ఈ పేటకు లోకల్ రైలు, 7 రియాళ్ల 10 సెంటావోలు. పెట్టెలో అమ్మేవాళ్లు ఒకరి వెనక ఒకరు: వేరుశనగలు, చల్లటి నీళ్లు, ఫోను చార్జర్లు, నలుపు తెలుపు జెండాలు. స్టేడియం రైలు పట్టాల పక్కనే. బయట బొటాఫోగో పాత ఆటగాళ్లు గారించా, నిల్టన్ శాంటోస్, జైర్జిన్యో, జగాలోల విగ్రహాలు. జగాలో ఈ జనవరిలోనే చనిపోయాడు. ఆ విగ్రహం పాదాల మీద ఎవరో తెల్ల పూలు పెట్టారు. స్టేడియానికి నిల్టన్ శాంటోస్ పేరే పెట్టారు. ఈ క్లబ్బు తప్ప వేరే క్లబ్బు తెలియకుండా ఆడి ముగించిన డిఫెండర్ ఆయన.

ఇక్కడ బొటాఫోగోకు ప్రత్యర్థి సావో పాలో జట్టు. సాయంత్రం నాలుగింటికి ఆఖరి రౌండ్ మ్యాచ్‌లన్నీ ఒకేసారి మొదలయ్యాయి. ఒకరి ఫలితం చూసి ఇంకొకరు ఆడకుండా ఉండేందుకు. నా ముందు వరుసలో తండ్రీ కూతురూ. తండ్రి చెవిలో రేడియో. 1995లో తనకు పన్నెండేళ్లని చెప్పాడు. కూతురికి ఇప్పుడు పన్నెండు.

37వ నిమిషంలో సావరినో గోలు కొట్టాడు. ఈ కథలో అతని పేరు మళ్లీ మళ్లీ వస్తోంది. స్టేడియం ఊగింది. అయినా ఎవరూ ఛాంపియన్లం అన్న పాట ఎత్తుకోలేదు. ఒక కుర్రాడు మొదలుపెట్టబోతే నలుగురు పెద్దవాళ్లు నోరు మూయించారు. 2023లో విరామానికి మూడు గోల్స్ ముందుండగా పాడిన పాటలు వాళ్లకు గుర్తున్నాయి. ఆ భయాన్ని నేను బలహీనత అనను. అంత దెబ్బ తిని కూడా టికెట్టు కొనుక్కుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, గొంతు బిగబట్టి నిలబడటానికి ఎంతో ధైర్యం కావాలి.

63వ నిమిషంలో సావో పాలో జట్టు కుర్రాడు విలియమ్ గోమెస్ సమం చేశాడు. 1-1 అయినా బొటాఫోగోదే లీగ్. అక్కడ పాల్మీరాస్ సొంత మైదానంలో ఫ్లుమినెన్సే చేతిలో ఓడుతోందని తండ్రి చెవిలో రేడియో చెప్తోంది. లెక్కల ప్రకారం ఏ ప్రమాదమూ లేదు. అయినా నా చుట్టూ వందల చేతులు తలల మీదికి వెళ్లాయి. కూతురు తండ్రి చొక్కా పట్టుకుంది. ఆయన రేడియో తీసి జేబులో పెట్టేశాడు. ఇక వినలేనని చెప్పాడు.

అదనపు సమయంలో బంతి గ్రెగోరె కాళ్లకు వచ్చింది. 2-1. పాల్మీరాస్ మీద మొదటి గోలు కొట్టినవాడు, ఫైనల్లో మొదటి నిమిషంలో బయటికి వెళ్లినవాడు, సీజన్‌కు ఆఖరి గోలు కొట్టాడు. అప్పుడు ఎత్తుకున్నారు ఆ పాట, 29 ఏళ్లు దాచుకున్నది. తండ్రి కూర్చుని ఏడుస్తుంటే కూతురు తల నిమిరింది.

ఆఖరి పట్టిక: బొటాఫోగో 79, పాల్మీరాస్ 73, ఫ్లమెంగో 70, ఫోర్టలెజా 68, ఇంటర్నాసియోనాల్ 65. అడుగున నాలుగు జట్లు రెండో డివిజన్‌కు పోయాయి. అందులో కురిటీబా ఊరి అత్లెటికో పరానెన్సే కూడా ఉంది. 1924లో పుట్టిన క్లబ్బు అది. నూరేళ్ల పండగ సంవత్సరంలోనే పడిపోయింది.

రైలు పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ఫ్లమెంగో చొక్కా వేసుకున్న ఒకాయన తలుపు దగ్గర ఒంటరిగా నిలబడితే, బొటాఫోగో వాళ్లు ఆయన మెడలో తమ జెండా వేశారు. ఆయన తీసేయలేదు, సెంట్రల్ దాకా అలాగే వచ్చాడు.

డిసెంబరు 11: రియో, బయలుదేరే రోజు

గెలిచిన రాత్రే జట్టు దోహాకు విమానం ఎక్కింది. మూడో రోజు అక్కడ మెక్సికో జట్టు పచుకాతో అంతర్జాతీయ కప్పు మ్యాచ్. డజను రోజుల్లో ఖండపు ఫైనల్, లీగ్ ముగింపు, మళ్లీ సముద్రాలు దాటి ఇంకో కప్పు. బ్రెజిల్ ఫుట్‌బాల్ క్యాలెండర్ ఆటగాళ్ల కాళ్లను ఇలా పిండేస్తుందని అందరికీ తెలుసు. దాన్ని మార్చే తీరిక మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.

మధ్యాహ్నం పేటలోని బేకరీలో చూశాను, జున్ను ఉండలు తింటూ, ఒక్కొక్కటి 6 రియాళ్లు. కాళ్లు కదలడం లేదని తెలుస్తూనే ఉంది. 0-3. కౌంటరు వెనక యజమాని టీవీ ఆపలేదు. ఆఖరి విజిల్ దాకా చూసి, అందరికీ వినపడేట్టు చప్పట్లు కొట్టాడు. నా పెట్టె చూసి ఎప్పుడు వెళ్తున్నావని అడిగి, జనవరిలో రియో రాష్ట్ర పోటీలు మొదలవుతాయి, అప్పటిదాకా ఉండలేవా అన్నాడు. ఉండలేనని చెప్పాను. నాలుగు జున్ను ఉండలు కాగితంలో చుట్టి ఇచ్చాడు, మూడింటికే డబ్బు తీసుకున్నాడు.